డాష్‌బోర్డు అరలో పెళ్ళి

గాల్వెస్టన్ రేవులో ఓడ
పదిహేనంతస్తుల తెల్లగోడలా నిలబడి ఉంది.
దాని నీడలో మేం చీమల బారు.

నా దగ్గరున్నది ఒక జనన పత్రం,
నాలుగు మడతలు, మూడో మడత దగ్గర కాఫీ మరక,
దానికి తోడు డ్రైవింగ్ లైసెన్సు,
అందులో నా మొహం ఎవరికో బాకీ పడ్డట్టుంటుంది.
కౌంటర్లో కుర్రాడు రెండూ సరిగా విప్పి చూడకుండానే
"వెళ్ళిరండి, మిస్టర్ ల్యాండ్రీ" అన్నాడు.
ఈ దేశస్థుణ్ణి కావడానికి
పుట్టడం తప్ప నేను పడ్డ కష్టం లేదు.
అదీ మా అమ్మే పడింది.

తరవాత కెతెవాన్.
నీలం ఫోల్డరు తీసింది.
పాస్‌పోర్టు. దాని మీద జార్జియా,
మన పక్క రాష్ట్రం కాదండీ, నల్ల సముద్రం ఒడ్డు దేశం,
మూడేళ్ళుగా ఎవరో ఒకరికి ఈ మాట చెబుతూనే ఉన్నాను.
గ్రీన్ కార్డు. ఏప్రిల్లో గడువు తీరింది.
తీరినా తీరనట్టే లెక్క అని
సర్కారు రాసిన ఉత్తరం,
దాని నకలు, నకలుకి నకలు.
ప్రతి కాగితానికీ ఒక ప్లాస్టిక్ తొడుగు,
బడిపిల్ల అట్టలేసుకున్న పుస్తకాల్లా.

కుర్రాడి వేలు ఆగింది.
పాస్‌పోర్టులో గెలాష్విలి.
టికెట్టులో ల్యాండ్రీ.
"ఈ ఇద్దరూ ఒకరేనని సాక్ష్యం ఏదమ్మా?"

తొడుగులు ఒక్కొక్కటే తిరగేసింది.
ఒకటి ఖాళీ.
ఆమె నా వైపు చూడలేదు.
చూసుంటే బాగుండేది.

రెండు వారాల కిందట నేనే తీశాను,
ట్రక్కు బీమాలో ఆమె పేరు చేర్పించాలని.
అప్పట్నుంచీ మా పెళ్ళి
డాష్‌బోర్డు అరలో, కెచప్ పొట్లాల కింద,
టైరు గాలి చూసే మీటరు పక్కన
వేరు కాపురం పెట్టింది.

పరుగెత్తాను.
ముప్ఫయ్యేళ్ళు ఫెర్రీ ఇంజన్ల ముందు వంగిన మోకాళ్ళతో
మూడో అంతస్తు పార్కింగుకి.
మెట్ల నిండా పెలికాన్ రెట్టలు.
దారంతా ఒకటే తలపు:
కోర్టులో మా పెళ్ళికి పదకొండు నిమిషాలు పట్టింది.
సాక్షి, జరిమానా కట్టడానికొచ్చిన ఎవరో పెద్దాయన.
ఉంగరం నా వేలికి దిగకపోతే
ఆమె వెళ్ళి చేతులు కడిగే సబ్బు తెచ్చింది.
మీరిద్దరూ ఒకటేనా అని
ఆ రోజు ఎవరూ అడగలేదు.
అడిగుంటే చెప్పేవాణ్ణి:
నా మందుల డబ్బా మీద వారాల పేర్లు ఆమె లిపిలో ఉంటాయి.
ద్రాక్ష నులితీగల్లాంటి ఆ అక్షరాల్లో
నాకు చదవడం వచ్చినవి ఏడే ఏడు మాటలు.
ఇలాంటివి ఏ కౌంటర్లోనూ చెల్లవు.
చెల్లేది మూలనున్న గుండ్రటి ముద్ర.

ట్రక్కు తలుపు తీస్తే వేడి మొహాన కొట్టింది.
కాగితం ఉంది.
అంచుకి కెచప్. ముద్ర మీద పడలేదు, బతికాను.

తిరిగొచ్చేసరికి
పసుపు గీత వెనక నిలబడి ఉంది.
పక్కనే కుర్చీ. కూర్చోలేదు.
కూర్చుంటే వంతు పోతుందని
ఏ వరుసలో నేర్చుకుందో నేనెప్పుడూ అడగలేదు.

కుర్రాడి చోట ఇప్పుడొక పెద్దావిడ.
బిల్ల మీద పేరు ఒడీలియా.
కళ్ళజోడు ముక్కు కొసకి జార్చి
ఒక పేరు మీద వేలు, ఇంకో పేరు మీద వేలు, తేదీ.
"ఈ మరకేమిటి?"
"కెచప్ అండి."
"మా ఆయనా ఇంతే" అని
రెండు కార్డులు మా వైపు జరిపింది.

రాత్రి క్యాబిన్లో
ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసింది కెతెవాన్.
ఒకే రంగు. ఒకే ల్యాండ్రీ.
ఎవరు పౌరులో ఎవరు కాదో వాటికి తెలీదు,
తెలిసిందల్లా గది నంబరూ, బారులో బాకీ.
కిటికీ అవతల ఎవరి దేశమూ కాని నీళ్ళు.
"రా, డెక్కు మీదికి వెళ్దాం" అన్నాను.
"ఉండు" అంది.
పెళ్ళి కాగితం అంచు తడిగుడ్డతో ఒత్తి ఒత్తి తుడిచి
తొడుగులోకి జార్చి
ఫోల్డరు దిండు కింద పెట్టింది,
నా దిండు కింద కాదు.
"ఆదివారం పొద్దున మళ్ళీ దిగాలిగా."