పుర్రచేతి కారు

అరిజోనా ఎండలో నలభై ఏళ్లు మాగి
ఆబింగ్డన్‌కి తిరిగొచ్చింది ఈ ఎమ్‌జీ.
పుట్టింది ఇక్కడే, మెర్విన్ షెడ్డుకి కూతవేటు దూరంలో.
ఇప్పుడక్కడ ఫ్యాక్టరీ లేదు, కూతా లేదు.

"చుక్క తుప్పు లేదు చూడు" అంటాడు మెర్విన్
అడుగున దూరి, రేకు మీద గోటితో కొడుతూ.
ఇక్కడే ఉండిపోయిన తోబుట్టువుల్ని
చలికాలం రోడ్ల మీద ఉప్పు ఏనాడో నమిలేసింది.

పై దేశపు చట్టానికి భయపడి తొడిగిన నల్ల రబ్బరు మూతి
ఇంటి బళ్లకీ తప్పలేదు,
వేరువేరుగా పోత పొయ్యడం ఖర్చని.
తేడా అంతా లోపల.
రెండు కార్బురేటర్లుండాల్సిన చోట ఒంటిది,
పొగ తక్కువ వదలమని
ఊపిరే తగ్గించి పంపారు.
పక్కటెముకల మీద పసుపు దీపం, ఎర్ర దీపం.
బెల్టు పెట్టుకోకపోతే గీపెట్టే బజరు
(అది నేనే కోసేశాను, మెర్విన్‌కి చెప్పకుండా).
ఇక స్టీరింగు, ఎడమవైపు.

బండి కొన్న ఫిలిప్పా గారు
దీన్ని కుడిచేతికి మార్చమన్నారు.

కష్టమనుకున్నాను.
డాష్‌బోర్డు విప్పి టార్చి వేస్తే
కుడివైపు కూడా కన్నం ఉంది,
చిన్న రేకుముక్కతో మూసి, నాలుగు స్క్రూలు బిగించి.
"ఎటు పోతుందో రేకు కోసేటప్పుడు ఎవడికి తెలుసు?
రెండు వైపులా పొడిచేవాళ్లం" అన్నాడు,
టీ కప్పులో బిస్కెట్టు విరిగిపడ్డందుకు
ఎక్కువ బాధపడుతూ.

పలక మీద నా పుర్రచెయ్యి పడితే
రూళ్లకర్ర తీసేది మా సుగుణమ్మ టీచరు.
కుడిచేత్తో రాయడం వచ్చేసింది, దస్తూరీ బాగుంటుందంటారు.
టార్చి మాత్రం, ఇదిగో, ఎడమచేతిలోనే ఉంది.

మూడు వారాలు పట్టింది.
పెడళ్లు ఇటొచ్చాయి, వైపర్లు దిశ మార్చుకున్నాయి,
వైర్లు మాత్రం పొడుగు చాలక
పాత రంగులకి కొత్త రంగులు అతుకేశాను.
పక్క దీపాలు పీకొద్దన్నాడు మెర్విన్,
ఎందుకో చెప్పలేదు.

మొదటిసారి థేమ్స్ వంతెన దాకా తీసుకెళ్లాడు.
నేను ఎడమ సీట్లో, ఊరికే కూర్చున్నదాన్ని.
మలుపులో గొర్రె ఒకటి అడ్డం వచ్చింది.
నా కుడికాలు దానంతటదే నేలని తొక్కింది.
బ్రేకు లేదక్కడ.
మడమ మాత్రం ఒక గుంటలో కుదురుకుంది,
తివాచీ అరిగి, రేకు నునుపు తేలిన చోట,
ఎవరిదో నలభై ఏళ్ల మడమ ఆనిన చోట.

కొత్త తివాచీ తెప్పిస్తామన్నారు ఫిలిప్పా గారు.
తొందరేం లేదన్నాను.