నూటికి పద్దెనిమిది

కాసిమేడులో తెల్లవారి నాలుగున్నర.
ఐసు మిల్లు వెనక సందులో
ఇరవైనాలుగు ప్లాస్టిక్ సంచులతో నిలబడ్డాను,
ఒక్కోదానికీ ఒక నంబరు.
నా పని చిన్నది:
ఎండుచేపలో ఉప్పెంతో చెప్పడం.

దేశమ్మ పాత వల పరిచి నెత్తళ్ళు ఆరబోస్తోంది.
ఆధార్ కార్డులో అరవైమూడు,
తన లెక్కలో "పెద్ద తుపానప్పుడు కడుపులో ఉండా."
ఏ తుపానో చెప్పదు.
నాతో తెలుగు, తరాజువాడితో తమిళం,
కాకులతో రెండూ.

"ఏం పాపా, మళ్ళా కొలిచేదానికి వచ్చినావా?"
ఒక నెత్తల్ని తీసి నాలిక కొసకు ఆనించి
"పద్దెనిమిది" అంది.
"దేనికి?"
"నూటికి. మీరే గదా పోయినతూరి చెప్పింది, నూటికి ఇంత అని."

తరమణిలో మా లాబు, మూడో అంతస్తు.
బ్యూరెట్టులోంచి వెండి ద్రావణం చుక్కచుక్కగా దిగుతుంది.
అడుగున తెల్లగా, విరిగిన పాలలా పేరుకుంటుంది.
పైన పసుపు, ఇంకా పసుపే, ఇంకా పసుపే
ఒక్క చుక్కకు ఇటుకరంగు.
ఆ చుక్క దగ్గర చెయ్యాపడం
నాకు రెండేళ్ళకు గాని రాలేదు.
పదిహేడు పాయింట్ తొమ్మిది.
మళ్ళీ చేశాను. పద్దెనిమిది పాయింట్ ఒకటి.
సగటు రాశాను.
ఆమె నాలిక సంగతి రాయడానికి
ఫారంలో గడి లేదు.

పక్క బల్ల మీద ఎళిలరసి తాబేలు కోస్తోంది.
నీలాంగరై ఒడ్డుకు కొట్టుకొచ్చింది,
ముందు రెక్క మీద నైలాను తాడు ఒరుసుకున్న గీత.
కంటి వెనకనుంచి ఒక ముద్ద తీసి
లైటు కింద పెట్టింది.
"చూశావా, మెదడు కన్నా పెద్దది.
మింగిన సముద్రంలోని ఉప్పంతా
ఇదే బయటికి కార్చేస్తుంది.
గుడ్లు పెడుతూ ఏడుస్తోందంటారు జనం.
ఏడుపు కాదది, లెక్క సరిచూసుకోవడం."
అండమాన్ దీవుల్లో ఆరునెలలు పక్షుల్ని లెక్కపెట్టి వచ్చిన మనిషి.
వాటికైతే ముక్కు కొసనుంచి బొట్టుబొట్టుగా రాలుతుందట,
జలుబు చేసిన పిల్లల్లా తల విదుల్చుకుంటాయట.

నేను నా కంటి వెనక
వేలితో నొక్కి చూసుకున్నాను.

రెండో విడతలో చేపలతో పాటు
చేపల మనుషుల్నీ కొలవమన్నారు.
దేశమ్మ జబ్బకు పట్టీ చుట్టాను.
గాలి ఎక్కింది, గాలి దిగింది.
నూట డెబ్బైఎనిమిది. కింద నూటనాలుగు.
"అది ఎంతకి?"
నూటికి కాదు, పాదరసం ఎత్తు, మిల్లీమీటర్లు అన్నాను.
"అంటే నా నాలిక్కి అందదు" అంది,
చెయ్యి ఇంకా చాపే ఉంచి.

ఉప్పు తగ్గించమన్నాను, తినేదాంట్లో, ఆరబెట్టేదాంట్లో.
చాలాసేపు నవ్వింది.
"తగ్గిస్తే పురుగు పడద్ది.
పురుగు పడితే సేటు బుట్ట తన్నేస్తాడు.
ఎండలో బాగా పెట్టమంటావా, యాడ పెట్టేది?
మా నాయిన పడవ లాగిన ఇసక
ఆ రాళ్ళకి అవతల, నీళ్ళ కింద ఉండాది.
పోయి ఆరబెట్టుకో పో."

పాలిథీన్ గుడారం తీసుకెళ్ళాం.
లోపల ఎండ నిలుస్తుంది, ఈగ దూరదు.
ఉప్పు పన్నెండుకు దించి నలభై రోజులు చూశాం,
బూజు పట్టలేదు.
నలభైఒకటో రోజు దేశమ్మ రుచి చూసి
ఉమ్మేసింది.
"చప్పిడి పత్యం. బాలింతకు పెట్టుకో."
గుడారం మాత్రం తిరిగివ్వలేదు.
మనవరాలి పుస్తకాలు వానకు తడవకుండా
అందులోనే పెట్టిందని తర్వాత తెలిసింది,
ఒక మూల నెత్తళ్ళు, ఒక మూల ఎనిమిదో తరగతి.
మాత్రలు వేసుకుంటున్నావా అంటే
వేసుకున్నానంటుంది కాకుల వైపు చూస్తూ.

ఇవాళ కొత్త సంచి వచ్చింది, నంబరు నాలుగువందల ఆరు.
బ్యూరెట్టు తిప్పకముందు
తలుపు దగ్గరికి వేసి
ఒక చేపను నాలిక కొసకు ఆనించుకున్నాను.
పన్నెండు అనుకున్నాను.
పద్నాలుగు వచ్చింది.