ఎనుమాములకు పోయెటోనికి

సాంబన్నా, మొదటిపాలి పోతున్నవు గనుక జెప్తున్న.
శుక్రారం బండి కట్టకు.
శనారం, ఐతారం కాంటాలు నడువయి,
వరంగల్ల రెండు దినాలు ఊకె ఉండుడంటె
జేబుకు బొక్క పడ్డట్టే.

లాడ్జి ముచ్చట ఇడువు.
టేషను ఎదురుంగ నాలుగంతస్తులది ఒకటున్నది,
ఓయేడు నేను సుత దొర లెక్క రూము తీసుకున్న.
పండుకునే ముందు తువ్వాల ఇట్ల దులిపిన,
పక్క రూముల పెండ్లికొచ్చినోళ్లు దగ్గుడు మొదలువెట్టిండ్రు,
వాళ్ల ఎనుక మెట్ల మీది పోరడు,
ఆఖర్కి కింద గల్లపెట్టె కాడి ముసలాయన.
పావుగంటల పైసలు వాపసిచ్చి
రెండు చేతులు జోడించి సాగనంపిండు.
అసొంటి మర్యాద నాకు అత్తగారింట్ల సుత కాలే.

బస్తాల మీదనే పండుకో.
తలాపుకు తాలు బస్తా వద్దు, తేజది పెట్టుకో,
పోతె ముందుగాల పొయ్యేది అదే.
పరదా కాళ్ల దిక్కు రెండు మూరలు ఎక్కువ కట్టు,
మాఘంల మబ్బుకు మాట మీద నిలబడే అలవాటు లేదు.
నల్లబెల్లి కొమురెల్లి, బానోతు హర్యా,
ఎవలో ఒకలు పక్కపొంటి ఉంటరు,
ఒకలు పండుకుంటె ఒకలు కూసోవాలె.
ఎలుకలు మిర్చి ముట్టయి గాని
సద్ది మూట ఇడువయి.

బువ్వకు
రెండో గేటు బయట, పిండి గిర్ని పక్కన,
ఈరలచ్చక్క రేకుల కొట్టు.
పేరు రాసి లేదు, ముక్కే తోవ సూపుతది.
పొద్దుగాల సర్వపిండి. అంచు మాడిందే అడుగు,
నడిమిది బేరగాళ్లకు దాస్తది.
పగటాళ్ల బువ్వ, పచ్చిపులుసు; ఐతారమైతె బోటి.
ఆమె కూరల మిర్చి ఎవలిదనుకున్నవు?
మన బస్తాలకెంచి రాలిందే,
పొద్దుమూకినంక ఊడ్సుకపోయి చెరిగి ఎండవెట్టింది.
మనది మనమే కొనుక్కొని తింటం.
ఆ రుచి మటుకు మన ఇంట్ల రాదు, ఎందుకో.

అడ్తి దుక్నంల చాయ్ పోస్తరు, తాగు,
ఒక్కటే తాగు.
రెండోదానికి చీటీల ఏదో ఒక గీత పడ్తది.
సేటు కొడుకు "అన్నా" అంటె కూసో,
"బాపూ" అంటె లేచి రా.

గిది మాత్రం మర్వకు:
జెండా పాట ఇనంగనే బిర్యాని తినపోకు.
ఆ ధర ఒక్కని బస్తాకు.
నేను ఒకపాలి చౌరస్తాల డబల్ మసాల ప్లేటు తిని,
పండ్లు కుట్టుకుంట వచ్చిన.
నా కుప్ప కాడ ఆయన నాలుగు కాయలు ఇరిచి
తేమ అన్నడు, మచ్చ అన్నడు.
జెండాకు నా ధరకు నడుమ
ఓ దుడ్డె కొనచ్చు.
బిర్యాని ఇంక గొంతుల్నే ఉన్నది అప్పటికి.
కాంటా అయినంక, పైసలు లెక్కవెట్టినంక తిను.
ఏం తినాల్నో ఆ లెక్కే జెప్తది.

అట్లనే ఓ ఐతారం చిక్కుకపోయి కోట దిక్కు పోయిన.
రాతి దర్వాజలు నాలుగు, పక్కన గోడ ఒక్కటి లేదు.
ఇట్ల పోయినా అట్ల వచ్చినా అడిగెటోడు లేడు,
మన మార్కెట్ గేటు అట్లుంటె!
కెమెరాలేసుకున్న మొగడు పెండ్లాలు ఎదురొచ్చి అడిగిండ్రు:
"అంకుల్, ఈ ఊళ్లె మంచిగ ఏడ తినాలె, ఏడ ఉండాలె?"
నాకు తెల్సింది నేనడిగిన:
"ఏం మిర్చి తెచ్చిండ్రు, తేజనా, చపాటానా?"
ఆయన నవ్విండు. ఆమె నవ్వలే,
ఈరలచ్చక్క జాడ చీటి మీద రాసుకున్నది.
పోయిండ్రో లేదో.

వచ్చెటప్పుడు ఆఖరి బస్సుకు ఉరుకకు,
జేబుల పైసలుంటె అసలే ఉరుకకు.
చేతులు మజ్జిగతోటి కడుగు, మల్ల సబ్బు, మల్ల మజ్జిగ,
ఇంట్ల చంటిదున్నది.
ఇగ ధర ఎట్లొచ్చినా సరే
ఆడ కండ్లు తుడుసుకోకు.
తప్పదనుకుంటె భుజం కాడ,
మోచేతికి పైన,
మిర్చి తగలని జాగ జరంత ఉంచుకో.