వానప్పు

నైరోబీలో వాన పడితే
మొదట తడిసేది చార్జీ.
యాభై షిల్లింగులు నాని, ఉబ్బి, వందవుతాయి.
ఇదేమని అడిగితే
ఆకాశం వైపు వేలు చూపిస్తారు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం
జోగూ రోడ్డులో, అంటే కోడిపుంజు వీధిలో,
కయోలే పోయే మటాటూ తలుపుకి వేలాడుతూ ఒడెరో
కూరగాయల వంగెచి ఇచ్చిన చిల్లర లెక్కపెట్టాడు.
ఇరవై తక్కువ.
ఆమె నెత్తిన ప్లాస్టిక్ సంచి, చంకలో సుకుమా ఆకు కట్టలు.
దిగమని నోటిదాకా వచ్చింది.
"సర్లే అమ్మా, ఎక్కు. మ్వుదేని" అన్నాడు.

మ్వువా అంటే వాన.
దేని అంటే, మనం అడిగే దేని కాదు, అప్పు.
మొదటిదాని తోక కోసి
రెండోదాని మెడకి కట్టాడు,
హారన్ రెండుసార్లు మోగేలోపు.
వెనక సీట్లో కుట్టుమిషను సూదుల సంచితో ఇరుక్కున్న నేను
నా భాషలోకి తిప్పుకున్నాను: వానప్పు.
సంధి కూడా కుదిరింది.
అంత తేలిగ్గా అతుక్కున్నాయంటే
వాటికి ముందే పరిచయం ఉండి ఉంటుంది.

వారం తిరిగేసరికి
డోన్‌హోమ్ స్టాపులో బూటు పాలిష్ కుర్రాడి నోట విన్నాను.
ఆ పై వారం డ్రైవరు ముసెంబి
పోలీసు చేతిలో సగం లంచం పెట్టి
మిగతాది మ్వుదేని అన్నాడు.
మే నెలలో స్కూలు పిల్ల మ్వెందే
కిటికీ పక్కన కూర్చుని స్నేహితురాలికి చెబుతోంది:
"ఫోన్ చేస్తానన్నాడే. అంతా మ్వుదేని."
అంటే,
తీర్చే ఉద్దేశం లేని మాట.

ఒడెరో ఆగిపోయాడు, వేళ్ల మధ్య మడిచిన నోట్లతో.
"దాని అర్థం అది కాదు పాపా.
నమ్మి ఎక్కించుకోవడం. ఆ మాట పుట్టించింది నేనే."
పిల్లలిద్దరూ మొహాలు చూసుకున్నారు.
"మాటల్ని ఎవరైనా పుట్టిస్తారా అంకుల్?
పుట్టిస్తే బండి మీద పేరు రాయించుకోవాల్సింది."
బండి మీద అప్పటికే సింహం ఉంది.
చోటు లేదు.

కన్నవాళ్లకి బిడ్డ నడత మీద హక్కెంత
అని ఆలోచన మొదలుపెట్టాను.
గుంత వచ్చింది. సూదులన్నీ ఒళ్లో పడ్డాయి.

జులైకి వానలు పోయాయి.
మాటా పోయింది.
పొరపాటున అంటే, మీ నాన్న కాలంనాటిది అని నవ్వుతారు.
పిల్లల నోట ఇప్పుడు ఇంకేదో నానుతోంది,
సగం ఇంగ్లీషు, సగం దగ్గు,
నాకైతే అందలేదు.

ఆగస్టులో ఒక పొడి మధ్యాహ్నం వంగెచి ఎక్కింది.
చార్జీ సరిగ్గా ఇచ్చింది.
దాని మీద ఇంకో ఇరవై నాణెం పెట్టింది,
టమాటా తడి ఆరని చేత్తో.
"నీ మ్వుదేని, నాయనా."

బండంతా నవ్వింది, అందరికన్నా ముందు మ్వెందే.
ఒడెరో ఆ నాణేన్ని చిల్లరలో కలపలేదు.
చొక్కా జేబులో వేసుకుని
తలుపు మీద రెండుసార్లు కొట్టాడు.
ముసెంబి గేరు మార్చాడు.