సరిగ్గా పలకలేదు

తోర్స్‌హావన్ రేవులో వాన అడ్డంగా కురుస్తుంది,
గొడుగులు పనికిరావు.
ఐవ్యోర్ కిటికీ మూసి
దక్షిణ దీవికి పడవ టికెట్టు కోసం కూర్చుంది.
ఎల్లుండి చెల్లెలి ఊళ్ళో
గొర్రెల్ని కొండ దింపే రోజు.

చూపు పోయి ఏడేళ్ళు.
అప్పట్నుంచి తెర అంటే
చెవిలో తొందరగా మాట్లాడే ఒక గొంతు.

ట్యాబ్. "గడి. ఖాళీ."
ట్యాబ్. "గడి. ఖాళీ."
ట్యాబ్. "గడి. ఖాళీ. తప్పనిసరి."
ఏది తప్పనిసరి?
పేరా, పుట్టిన తేదీనా, కారు నంబరా?
బోర్డుల్లేని గదుల వరండాలో
ఒక్కో తలుపు గడియా తడిమినట్టు
ఆగి ఆగి నడిచింది.

ఆమె పేరులో మూడో అక్షరం ð.
వంగిన వీపు, మెడ మీద అడ్డగీత.
రాస్తారు, పలకరు.
మన పాత పుస్తకాల్లో అరసున్నాలాంటిది:
ఎందుకుందో ఎవరూ అడగరు,
తీసేస్తే మాత్రం
ఎవరో పెద్దావిడ నొచ్చుకున్నట్టుంటుంది.
చర్చి రిజిస్టరులో నాయనమ్మ
కలం ఎత్తి, మళ్ళీ దించి మరీ
ఆ గీత గీసేదట.

పంపించు నొక్కింది.
"ఐ, ప్రశ్నార్థకం, వ్యోర్.
పేరులో చెల్లని గుర్తు ఉంది.
ఎర్రగా ఉన్న గడులు సరిచేయండి."

ఎర్రగా!
నవ్వొచ్చింది.
తర్వాత నవ్వు ఎక్కడో ఆగిపోయింది.
అరవై రెండేళ్ళుగా ఏ నోటా వినపడని అక్షరం
మొదటిసారి వినపడింది,
అదీ
నువ్వెవరని అడుగుతూ.

పొద్దున్నే చేతికర్రతో రేవు ఆఫీసుకి వెళ్ళింది.
ఫారం రాసిన కుర్రాడు రోకుర్
కాఫీ ఇచ్చాడు, టికెట్టు నేనే తీస్తానన్నాడు.
"టికెట్టు తర్వాత. నీ తెర ఆర్పు."
ఆర్పాడు.
"ఇప్పుడు పడవెక్కు, చూద్దాం."
నాలుగో ఖాళీ దగ్గర
అతని చెవులు ఎర్రబడ్డాయి.
ఆ ఎరుపూ ఆమెకి కనపడలేదు.

చేసిందంతా చిన్న పనే.
గడికో లేబుల్. రెండింటికీ ఒకే ముడి:
'ఎవరి కోసం' అని అటు, 'నేనే' అని ఇటు.
ఎరుపు పక్కన ఒక మాట.
పేజీ నెత్తిన, ఏ లిపిలో చదవాలో చెప్పే
ఒక్క వరుస (మర్చిపోయానని ఒప్పుకున్నాడు).
టికెట్టు అచ్చువేసే ముసలి యంత్రానికి
ఆ అక్షరం అప్పటికీ మింగుడు పడకపోతే,
ఆంపర్‌శాండ్, ఇ, టి, హెచ్, సెమీకోలన్
అయిదుగురు బోయీల పల్లకీలో
ఒక మూగపిల్లని పంపించాడు.

పడవకి పావుగంట.
"పేరు. గడి. తప్పనిసరి."
రాసింది. పంపింది.
గొంతు ఆమె పేరు చదివింది,
మూడో అక్షరం దగ్గర
నిద్రపోతున్న పసివాణ్ణి దాటినట్టు దాటి.

"ఎలా ఉంది?" అన్నాడు.
"సరిగ్గా పలకలేదు."
మొహం వాడిపోయి, మళ్ళీ కీబోర్డు మీదికి వంగబోయాడు.
మణికట్టు పట్టుకుని ఆపింది.
"సరిగ్గా,
పలకలేదు."

పడవ కూత వేసింది.
గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి,
"కారు నంబరు తప్పనిసరంటోంది.
సున్నాలు పెట్టాను.
రేపు అదీ చూడు."