నీళ్ళు మార్చిన వేళలు

ఇరవై ఒకటో తారీకు సాయంత్రం
అంగట్లో రంపంతో కోయించి తెచ్చాను, ఉప్పుచేప.
అట్టముక్కలా బిర్రబిగిసి ఉంది.
తోక వైపు ముక్క మా అమ్మకి,
ముళ్ళు ఏరుకోవడమే ఆవిడకి పండగ.

నీలం బేసిన్‌లో మునిగేదాకా నీళ్ళు పోసి
వంటింటి కిటికీ గట్టు మీద పెట్టాను.
పిల్లి రాకుండా పైన పళ్ళెం,
పళ్ళెం కదలకుండా ఇస్త్రీపెట్టె.

మూడు రోజులు నానాలి,
ఆరు గంటలకోసారి నీళ్ళు మార్చాలి.
ఇల్యావు ఊళ్ళో పసిపిల్లకైనా తెలిసిన లెక్క ఇది.
మాటల్లేని మొగుడూ పెళ్ళాం
ఒక చేపని ఎలా నానబెట్టాలో మాత్రం
ఎవరూ చెప్పలేదు.

ఎర్మెలిందు రాత్రంతా రొట్టెల బట్టీలో.
నేను పగలంతా పింగాణీ ఫ్యాక్టరీలో
పళ్ళేల అంచుకి నీలం గీత గీస్తూ.
పొద్దున్న గుమ్మంలో ఎదురుపడితే
బస్సులో కొత్తవాళ్ళలా
పక్కకి జరిగి దారి ఇచ్చుకుంటాం.

రెండు వారాలైంది, నా కుట్టుమిషను అమ్మేసి.
కారు క్లచ్ పోయిందట. నన్ను అడగలేదు.
ఇంటికొచ్చేసరికి గోడవార నేల మీద
నాలుగు కాళ్ళ గుంటలు.
"ఎలాగూ కుట్టడం లేదుగా" అన్నాడు.
నిజమే.
నిజమైన మాటకే కదా ఒళ్ళు మండేది.

అందుకని ఫ్రిజ్ మీద కాగితం అంటించాను.
*ఏడు.* నా రాత.
*ఒకటి.* ఇదీ నాదే, అర్ధరాత్రి దాటాక.
*ఏడు.* అతనిది, పిండి వేలిముద్రతో.
*ఒకటి. నీళ్ళు ఇంకా పాలలా ఉన్నాయి.*
పగటి నిద్రలోంచి అలారం పెట్టుకుని లేచాడన్నమాట.

రాత్రి ఒంటిగంటకి కిటికీ తెరిస్తే
కాయల్ మీంచి పొగమంచు.
ఎదురింటి గట్టు మీదా ఒక గిన్నె,
పాత కోటు కప్పుకున్న అల్బెర్తీనమ్మ
నీళ్ళు వంపుతూ చెయ్యి ఊపింది.
ఊళ్ళో సగం వంటిళ్ళు మేలుకునే ఉన్నాయి,
ఉప్పు వదిలిస్తూ.

ఈ చేప కోసమే మా తాత
ఆరేసి నెలలు మంచు సముద్రంలో ఉండేవాడట.
రాయడం రాని అమ్మమ్మ
ఉత్తరాలు పక్కింటావిడ చేత రాయించేది.
అందుకే ఆవిడ కోపాలన్నీ
చాలా మర్యాదగా చేరేవి.

*ఒకటి. నొయేమియాకి దగ్గు. తేనె పట్టాను.
నీ ఉన్ని మేజోళ్ళు హీటరు మీద ఉన్నాయి.*
చివరి మాట రాయాలనుకోలేదు.
చెయ్యి ఆగలేదంతే.

ఇరవై మూడున కాగితం మీద కొత్త రాత, వంకరగా:
*మూడున్నర. నేను కూడా మార్చాను.
వేడినీళ్ళు పోశాను. చేపకి చలేస్తోంది.*
దాని కింద అతను: *ఈ పిల్ల నీ పోలిక.*
దాని కింద నేను: *వేడినీళ్ళ తెలివి మీ ఇంటిది.*
బేసిన్ కడిగి, ఐసు వేసి,
ఒక్కదాన్నే నవ్వాను.
అతను ఎక్కడ నవ్వాడో తెలీదు.

ఇరవై నాలుగు, మధ్యాహ్నం.
బట్టీ మూశారు, ఫ్యాక్టరీకి సెలవు.
ఇద్దరం ఒకే సింకు దగ్గర.
అతను ముక్క అంచు నుంచి చిన్న రేకు చీల్చి
సగం నోట్లో వేసుకుని
సగం నా వైపు చాపాడు.
"ఇంకా కొంచెం ఉంది."
"ఉండనీ," అన్నాను. "అంతా పోతే గడ్డి తిన్నట్టే."

మిషను మాట ఎవరం ఎత్తలేదు.
గోడవార ఆ నాలుగు గుంటల మధ్య
నొయేమియా పశువులపాక కట్టింది.
నాచు పరిచి, మట్టిగొర్రెల్ని నిలబెట్టి,
కాలు విరిగిన ఒక గొర్రెని
గుంటలో సరిగ్గా కుదురుకునేలా గుచ్చింది.

బంగాళాదుంపలు ఉడుకుతున్నాయి.
అమ్మ వచ్చి తోకముక్క ఏదని అడుగుతోంది.
గడియారం ఏడు కొట్టింది.
మార్చాల్సిన నీళ్ళేమీ లేవు.
అయినా
ఇద్దరం ఒకేసారి లేచాం.