ఎడం

ఆటోనగర్ గేటు దగ్గర
మస్తాన్‌వలి టైర్ల షాపు డాబా మీద
వాటర్ ట్యాంకు పైపుకి నా కెమెరా కట్టేశాను,
పాత ట్యూబు ముక్కతో.
అద్దె ఎంతని అడిగితే ఆయన నవ్వాడు:
"చూట్టానికి డబ్బులెందుకమ్మా,
నేను ముప్పై ఏళ్ళుగా ఊరికే చూస్తన్నా."

ఏప్రిల్ నెల. పొద్దున ఏడు నుంచి పదకొండు.
బెజవాడ ఎండ
ఎనిమిదింటికే పిట్టగోడని పెనం చేస్తుంది.

మా శాస్త్రంలో అన్నిటికీ కారే కొలత.
బస్సంటే మూడు కార్లు.
మోటారు సైకిలు అరకారు.
ఆటోకీ పుస్తకంలో ఒక అంకె ఉంది,
ఎన్ని కాళ్ళు బయటికి వేలాడుతున్నాయో
ఆ అంకెకి పట్టదు.
అరటిగెలల తోపుడుబండి ఎన్ని కార్లు?
రాంగ్ సైడులో వస్తే?

మనిషి ఈ పట్టికలో లేడు.
మనిషిది వేరే కాగితం. దాని పేరు ఎడం.
రెండు బళ్ళ మధ్య ఎన్ని సెకన్ల ఖాళీ దొరికితే
ఒకడు రోడ్డు మీద కాలు పెడతాడో, అది.

రాత్రి హాస్టల్లో
ఒక్కో సెకనునీ పాతిక ముక్కలు కోస్తాను.
ఆపి, రాసుకుని, జరిపి, మళ్ళీ ఆపి.
ఒప్పుకున్న ఎడం. కాదన్న ఎడం.
సంబంధాలు చూసినట్టే ఉంటుంది,
ఇదీ నచ్చలేదు, ఇదీ నచ్చలేదు,
ఆఖరికి విసుగొచ్చి ఏదో ఒకదానికి తలూపడం.

నాలుగో రోజు వీడియోలో ఆమె.
తలమీద ఇడ్లీ బేసిను, చేతిలో చట్నీ క్యాను,
ఎగదోపిన ఆకుపచ్చ చీర.
ఐదున్నర సెకన్లు: వద్దంది.
ఆరు: వద్దంది.
ఏడు సెకన్ల ఎడం వచ్చింది,
చంటిపిల్లతోనైనా దాటొచ్చు,
అప్పుడామె చెంగుతో మెడ తుడుచుకుంటోంది.
తర్వాత, ఒకటిన్నర.
గ్రానైటు లారీ.
దిగింది.
క్యాను చంకలోకి మార్చి
చెయ్యెత్తింది.

ముక్క ముక్కగా చూశాను.
లారీ ముక్కు నేలకి వంగింది.
దాని వెనక బస్సు, బస్సు వెనక
లెక్కకందని అరకార్లు.
చెయ్యికి ముందు ఎడం లేదు.
చెయ్యి తర్వాత ఉంది.

ఇందుశేఖర్‌గారు గ్రాఫు మీద పెన్సిలు ఆనించి అన్నారు:
"ఈ చుక్క గీతకి చాలా దూరంగా పడిందమ్మా.
తీసెయ్. ఒక్కటేగా."
ఒక్కటి కాదు సార్,
రోజూ ఏడూ నలభైకి పడుతుంది.
అనలేదు. అనుకున్నాను.

మర్నాడు డాబా దిగి వెళ్ళాను.
పేరు తిరపతమ్మ.
లేతు మిషన్ల షెడ్డు ముందు బేసిను దించి
గుడ్డ తీస్తోంది, ఆవిరిలో మొహం సగమే కనబడింది.
ఎప్పుడు దాటాలో ఎట్లా తెలుస్తుందని అడిగాను.
"బండిని చూడను.
డ్రైవరు మొహం చూస్తా.
పొద్దున్నే టిఫిను తినని మొహం తెలిసిపోద్ది.
వాడు ఆగుతాడు."

మూడో అంతస్తు మీంచి నా కెమెరాకి
మొహాలు అందవు. కప్పులే.
నాలుగు ఇడ్లీలు తిన్నాను.
నిన్ను తీసెయ్యమన్నారని చెప్పలేదు.

థీసిస్‌లో నూట పన్నెండో పేజీ.
చుక్క అట్లాగే ఉంది.
కింద చిన్నక్షరాల్లో: కారణం తెలియదు.
అబద్ధం.
తెలుసు. ఏ కొలతలో రాయాలో తెలియదు.

మొన్న మస్తాన్‌వలి ఫోన్ చేశాడు.
గేటు ముందు టేపులు పట్టుకుని కొలుస్తున్నారట,
రోడ్డు మీదుగా మెట్ల వంతెన వస్తుందట,
ఎక్కడానికి ముప్పై ఎనిమిది,
దిగడానికి ముప్పై ఎనిమిది.
"మీ లెక్కల వల్లేనామ్మా?"

నేనేమీ మాట్లాడలేదు.
ఆయన వెనకాల హారన్లు, హారన్లు.
ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారి ఆగాయి.

గోడ గడియారం వైపు చూశాను.
ఏడూ నలభై.